గంప లోపలి గరుకు

పోయిన వారం మేస్త్రిని మోకాలి లోతు బురదలో, చేతిలో కటింగ్ ప్లేయరుతో వదిలేసి వచ్చాం. ఈపాటికి అతను కాళ్ళు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఏమీ ఎరగనివాడిలా ఒడ్డున నిలబడి ఉన్నాడు. చేసిన పని మాత్రం కడిగితే పోయేది కాదు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నది సముద్రంలో కలిసేచోట ఒకప్పుడు పెద్ద ఆల్చిప్పల దిబ్బ ఉండేది. సున్నం బట్టీలవాళ్ళు దాన్ని ముప్పై ఏళ్ళపాటు తవ్వుకుపోయారు. అడ్డం పోయాక అలలు సరాసరి ఒడ్డునే కొరకడం మొదలుపెట్టాయి. పోయిన వానల్లో రోడ్డు అంచూ, జాలర్ల సొసైటీ షెడ్డు మూలగోడా నీళ్ళపాలయ్యాయి. చిప్పపిల్లలు నీళ్ళలో లక్షల్లో తేలుతూనే ఉన్నాయి గాని, పట్టుకుని పెరగడానికి వాటికి గట్టి చోటు లేదు. అంతా బురద. అందుకని సొసైటీవాళ్ళు సిమెంటుతో, చుట్టూ చిల్లులతో, కోళ్ళగంప బోర్లించినట్టుండే దిమ్మలు పోసి నీళ్ళలో దింపాలనుకున్నారు. మేస్త్రి సిమెంటు యార్డులో అందరూ వాటిని గంపలనే అంటారు. మొత్తం నాలుగువందలు కావాలి. అవి ఎవరి పద్ధతిలో పోయాలో తేల్చడానికి పన్నెండింటిని పరీక్షకు దింపారు. ఆరు సొసైటీ ప్రెసిడెంటుగారి పెద్దల్లుడు మేస్త్రి పోసినవి, వాటికి ఎర్ర రేకు బిళ్ళలు. ఆరు చిన్నల్లుడు పోసినవి, వాటికి నీలం బిళ్ళలు. ఎవరి ఆరు వాళ్ళు గుట్టుగా పోసుకోవాలని, లెక్క తేలేదాకా పద్ధతి బయటపెట్టకూడదని షరతు.

లెక్కకు ఒక రోజు ముందు, నీళ్ళు బాగా తగ్గిన వేళ మేస్త్రి చూసి వద్దామని వెళ్ళాడు. తన గంపల మీద వేలు పెడితే జర్రున జారింది. తోడల్లుడి గంపల మీద బురద కింద చిన్నచిన్న చిప్పలు గరగరా తగిలాయి. మేస్త్రి అటూ ఇటూ చూశాడు. పన్నెండు బిళ్ళలూ విప్పి, ఎర్రవి నీలం చోట, నీలంవి ఎర్ర చోట కట్టేశాడు.

ఇదీ సంగతి. ఎందుకు కట్టాడంటే, కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టి పాఠకుల్ని మోసం చెయ్యడం నాకిష్టం లేదు.

అయితే కుళ్ళు కూడా ఒక్కరోజులో పుట్టదు. మేస్త్రికి పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మామగారి ఇంట్లోనే కాపురం. ఆ ఇంటి పై అంతస్తు అతను కట్టిందే, మెట్లు అతను కట్టినవే, నీళ్ళ తొట్టీ అతనిదే. ఈ పద్దెనిమిదేళ్ళలో మామగారు అతన్ని “మేస్త్రీ” అని తప్ప ఇంకోలా పిలిచిన పాపాన పోలేదు. చిన్నల్లుడు పదేళ్ళ కిందట వచ్చాడు. నీళ్ళ పరీక్షల ఆఫీసులో ఉద్యోగం, మెళ్ళో దారానికి వేలాడే భూతద్దం. వచ్చిన మొదటి రోజే మామగారు లేచి నిలబడి “రండి అల్లుడుగారూ” అన్నారు. కిటికీ పక్క చేతుల కుర్చీ అతనికి వేయించారు. ఆ కుర్చీ కాలు ఊగుతుంటే బిగించి ఇచ్చింది మేస్త్రే. అప్పటినుంచీ మేస్త్రి మనసులో తోడల్లుడికి “భూతద్దం” అని పేరు పెట్టుకున్నాడు. పైకి మాత్రం “బాబుగారూ” అనేవాడు. ఆ గారు పలికినప్పుడల్లా నాలుక మీద వేపాకు పెట్టుకున్నట్టుండేది.

ఇప్పుడు ఆ భూతద్దం గెలిస్తే సంగతేమిటి? నాలుగువందల గంపలూ మేస్త్రి యార్డులోనే, మేస్త్రి అచ్చుల్లోనే, భూతద్దం చెప్పినట్టు పోయాలి. తన యార్డులో తాను ఇంకొకరి చేతికింద పని చెయ్యాలి. అదీ అతని కడుపుమంట.

ఒడ్డున పన్నెండు గంపలూ వరసగా బోర్లించి ఉన్నాయి. నాలుగు నెలల నాచూ బురదా పట్టి అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. మూడు కాళ్ళ దూలానికి చైన్ కప్పీ వేలాడుతోంది. మామగారు కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు చూపు ఆనదు, అంకెలు వినడానికే వచ్చారు. తనిఖీకి వచ్చిన అధికారిణి జానెడు చదరపు ఇనప చట్రాన్ని ఒక్కో గంప మీద ఆనించి, ఆ చదరం మేరకు బ్రష్షుతో కడిగి, లోపల అతుక్కున్న చిప్పపిల్లల్ని లెక్కపెడుతోంది. సొసైటీవాళ్ళు పదిమంది దాకా చుట్టూ మూగారు.

“ఎర్ర బిళ్ళ, ఒకటి. నలభై ఒకటి,” అంది అధికారిణి.

గుంపులో చిన్న కదలిక.

“నీలం, ఒకటి. మూడు.”

రెండో ఎర్ర గంప ముప్పై ఎనిమిది. రెండో నీలానికి అసలేమీ లేదు. అలా ఆరు జతలూ చదివేసరికి మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మామగారు కుర్చీలోంచి మెడ తిప్పి, “పర్వాలేదే మేస్త్రీ,” అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోటినుంచి వచ్చిన అతి పెద్ద పొగడ్త అది.

మేస్త్రి ఓరకంట తోడల్లుణ్ణి చూశాడు. చిన్నల్లుడు ఒక నీలం బిళ్ళ గంప ముందు గొంతుక్కూర్చుని, కడిగిన చోట భూతద్దం పెట్టి చూస్తున్నాడు. చూసి, వేలితో రాసి చూశాడు. లేచి అధికారిణి వైపు రెండడుగులు వేసి నోరు తెరిచాడు. తన గంపల పైభాగాన్ని మేస్త్రి తాపీతో మూడుసార్లు తోమి, సిమెంటు పాలు పూసి, మొహం చూసుకునేంత నున్నగా చేశాడు. అంత నున్నటి పని ఆ చుట్టుపక్కల ఇంకెవరి చేతికీ రాదు. వేలు రాస్తే తెలిసిపోతుంది.

సరిగ్గా అప్పుడే అధికారిణి, “సరే, ఇప్పుడు తిరగెయ్యండి,” అంది.

“తిరగెయ్యడమెందుకండీ?” అన్నాడు మేస్త్రి.

“లోపల లెక్కపెట్టొద్దూ? వాటికి నీడ కావాలి. ఎండా, చేపల నోరూ తగలని చోటే కదా ఎక్కువ పట్టేది.”

మేస్త్రికి లోపలనేది ఒకటుందన్న సంగతే తట్టలేదు. అతని తప్పు కాదు, వృత్తి అలాంటిది. గోడ కట్టినవాడు గోడ మొహం చూస్తాడు. దిమ్మ పోసినవాడు దిమ్మ మొహం చూస్తాడు. గంప లోపలికి తల పెట్టి చూసే మేస్త్రి ఎక్కడుంటాడు?

కప్పీ కిర్రుమంది. మొదటి ఎర్ర గంప పక్కకు ఒరిగింది. లోపల బంతిలా నున్నగా ఉంది. చిన్నల్లుడు అచ్చు మధ్యలో గాలి నింపిన రబ్బరు బంతి పెట్టి, దాని చుట్టూ సిమెంటు మాలు పోశాడు మరి. బయట మాత్రం చిప్పల పొడి కలిపి గరుకుగా వదిలేశాడు.

“ఎర్ర, ఒకటి, లోపల. తొమ్మిది.”

తరవాత మొదటి నీలం గంప ఒరిగింది. అధికారిణి బ్రష్షు ఆడించి, ఆగి, ఇంకోసారి నీళ్ళు పోయించింది. చట్రం ఆనించి చాలాసేపు పెదవులు కదిపింది.

“రెండువందల పన్నెండు.”

“ఎంతా?” అన్నారు మామగారు.

“రెండువందల పన్నెండండీ. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చూడండి, లోపలంతా కంకర తేలి ఎంత గరుకుగా ఉందో. ఎవరు ఆలోచించారో గాని బాగా ఆలోచించారు.”

మేస్త్రి చెవులు గింగురుమన్నాయి. ఎవరూ ఆలోచించలేదు. తోడల్లుడు యార్డుకు తెచ్చిన రబ్బరు బంతి కంటపడి, గాలి మీద ఇల్లు కట్టే రకం నేను కానని, అచ్చు మధ్యలో తడికంకర కుప్ప పోసి దాని మీద మాలు వేశాడు అతను. మాలు గట్టిపడ్డాక కింద కంకర లాగేస్తే లోపలంతా గుంటలూ మిట్టలూ తేలింది. లోపల ఎవడు చూస్తాడని వదిలేశాడు. ఆ వదిలేసిన చోటే దిబ్బ పుట్టింది. అతను సిగ్గుపడాల్సిన పనే అతన్ని గెలిపించింది. ఆ గెలుపును నిన్న తన చేతులతో తానే విప్పి, పక్కవాడి మెడలో కట్టాడు.

నూటతొంభై. రెండువందల ఆరు. నూటఎనభై. నీలం, నీలం, నీలం. అధికారిణి చదువుతుంటే దొంగకు తేలు కుట్టినట్టు మేస్త్రి కిక్కురుమనకుండా నిలబడ్డాడు. నావని అరవాలని ఉంది. అరిస్తే, మరి నీ గంప మీద నీలం బిళ్ళ ఎలా వచ్చిందిరా అంటారు.

మామగారు కుర్చీలోంచి లేచి, చేతులు చాచి తడుముకుంటూ నడిచి, చిన్నల్లుణ్ణి రెండు చేతులా కౌగిలించుకున్నారు. చిన్నల్లుడి నోరు ఇందాక తెరిచింది తెరిచినట్టే ఉంది. మెల్లిగా మూసుకోవడం మేస్త్రి ఒక్కడే చూశాడు.

మరదలు టీ గ్లాసులతో వచ్చింది. “ఏంటి బావా, మాలు కలిపి ఎండలో మర్చిపోయినట్టుంది మీ మొహం? ఓడిపోయినా మా ఆయనే కదా గెలిచింది, ఇంట్లోదేగా,” అని నవ్వి గ్లాసు చేతిలో పెట్టింది. ఇంట్లోదే.

భోజనాలకు అందరూ ఇంటికి వెళ్తే మేస్త్రి యార్డుకు వెళ్ళాడు. కడిగి బోర్లించిన అచ్చుల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. నాలుగోది కడుగుతుంటే రేకు గేటు చప్పుడైంది. చిన్నల్లుడు. ఒంటరిగా వచ్చాడు. అరచేతిలో నీలం బిళ్ళ ఉంది.

“అన్నయ్యా, నేను బిళ్ళలు నైలాన్ దారంతో కట్టాను,” అన్నాడు. “ఇది బైండింగు వైరు. ఈ మెలిక ఇనప కమ్మీలు కట్టేవాళ్ళు వేసేది.”

మేస్త్రి కుంచె పక్కన పెట్టాడు. దొంగతనానికి పోయినా చెయ్యి తన అలవాటు ముడే వేసింది. దాన్ని ఏమని తిట్టాలి?

“ఏం చేద్దామని వచ్చారు?” అన్నాడు.

“ఏమీ లేదు. మాట్లాడదామని.”

“మాట్లాడాల్సింది అక్కడ కదా. నోరు తెరిచారు, మూశారు. నేను చూశాను.”

చిన్నల్లుడు బోర్లించిన అచ్చు మీద కూర్చున్నాడు. కాసేపు బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు.

“బిళ్ళలు మారాయని చెబుదామనే తెరిచాను. బయట లెక్కలో ఓడిపోతున్నాను కదా అని. ఈలోగా లోపలి లెక్క వచ్చింది. మామయ్య వచ్చి పట్టుకున్నారు. పదేళ్ళలో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి అన్నయ్యా.”

“కుర్చీ వేస్తారుగా.”

“చుట్టానికి ఎవరైనా వేస్తారు.” చిన్నల్లుడి గొంతు కొంచెం గరుకెక్కింది. “మీకు తెలీదు. నేను వస్తే వంటింట్లో మాటలు ఆగిపోతాయి. ఎంతసేపుంటారు, ఎప్పుడు బయల్దేరతారు అని అడుగుతారు. ఆయనకి పోయినేడు జ్వరమొస్తే అర్ధగంటలో మీరు డాక్టరుని తెచ్చారు. నాకు మూడు రోజులకి ఫోన్ చేశారు, అల్లుడుగార్ని కంగారు పెట్టడమెందుకని. పడవ తాళం ఎవరి దగ్గరుంది? మీ దగ్గర. ఆయన గోళ్ళు ఎవరు తీస్తారు? మీరు. ఆ ఇంట్లో ఏ గోడ మీద చెయ్యేసినా మీరు కట్టిందే. నేను కట్టింది ఏముంది అక్కడ?”

మేస్త్రి నిజంగా నివ్వెరపోయాడు. తనని చూసి కూడా ఒకడు ఏడుస్తాడన్నది అతని లెక్కలో ఎన్నడూ లేదు. ముసలాయన కాలిగోళ్ళు తీయడం కూడా ఒకరికి కన్నుకుట్టే భాగ్యమేనా? ఒక్క క్షణం లోపల ఎక్కడో హాయిగా అనిపించింది కూడా. పక్కన కూర్చుని, సరే తమ్ముడూ, ఇద్దరం కలిసి వెళ్ళి చెప్పేద్దాం అందామన్నంత దూరం వచ్చాడు.

“అందుకని ఇది నాకు వదిలెయ్యండి,” అన్నాడు చిన్నల్లుడు.

“ఏది?”

“ఇది. నాలుగొందల గంపలూ మీ పద్ధతిలోనే పోద్దాం. దిబ్బ నిలబడాలి కదా, దాంట్లో తేడా లేదు. పద్ధతి నాదని అనుకుంటారు. అంతే.”

“అంతేనా?” అన్నాడు మేస్త్రి. ఇందాకటి హాయి ఎటు పోయిందో పోయింది. “నా కంకర, నా అచ్చు, నా చెయ్యి. పేరు నీది. అంతేనా?”

మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరూ గమనించారు.

“బిళ్ళలు మార్చింది నేను కాదు,” అన్నాడు చిన్నల్లుడు మెల్లిగా. “మీరు కాదనదలుచుకుంటే వెళ్ళి చెప్పండి. నేను అడ్డుపడను. కాకపోతే రెండూ చెప్పాలి. గెలిచింది మీరేనని, దొంగతనం చేసింది కూడా మీరేనని. ఆయన రెండోదే గుర్తుపెట్టుకుంటారు.”

అది నిజం. నిజం కాబట్టే మేస్త్రికి వాణ్ణి అచ్చులో కూర్చోబెట్టి మాలు పోసెయ్యాలన్నంత కోపం వచ్చింది.

జవాబు చెప్పేలోగా గేటు మళ్ళీ చప్పుడైంది. ఈసారి ఒక్కరు కాదు. ముందు మామగారు, ఆయన మోచెయ్యి పట్టుకుని మరదలు, వెనక అధికారిణి, ఆ వెనక సొసైటీ మందంతా.

“అల్లుడుగారూ, ఇక్కడున్నారా? ఇల్లంతా వెతికించాను,” అన్నారు మామగారు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. “ఈ తనిఖీ అమ్మాయిగారికి సాయంత్రం బండి ఉందట. ఈలోగా ఒక గంప మీ చేత్తో పోసి చూపించండి. ఎలా పోశారో అలాగే. కొలతలన్నీ రాసుకుంటారట. నాలుగొందలకీ అదే లెక్క.”

చిన్నల్లుడు లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. ఒప్పుకునేందుకు అతనికి అదే ఆఖరి అవకాశం. మామగారు అతని భుజం వెతుక్కుని తట్టారు. అవకాశం దాటిపోయింది.

“మాలు కలపమనండి,” అన్నాడు చిన్నల్లుడు.

“మేస్త్రీ,” అన్నారు మామగారు, మేస్త్రి ఎటున్నాడో తెలియక గాలిలోకి. “అల్లుడుగారికి ఏం కావాలో పక్కనుండి అందించు. కాస్త చూసి నేర్చుకో కూడా. వయసుకేముంది, నేర్చుకోవడానికి సిగ్గెందుకు?”

గుంపులో ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వుకు బుగ్గలు నొప్పెట్టాయి. ఇన్నేళ్ళ కడుపుమంటా ఒక ఎత్తు, ఈ ఒక్క మాటా ఒక ఎత్తు. తన పద్ధతిని తానే చూసి నేర్చుకోవాలట.

అతను అచ్చు తెచ్చి పెట్టాడు. మాలు కలిపాడు. కంకర తడిపి తట్టలతో పక్కన పోశాడు. తాపీ కడిగి తోడల్లుడి చేతికిచ్చాడు. చిన్నల్లుడు చొక్కా చేతులు పైకి మడిచి అచ్చు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అధికారిణి పుస్తకం తెరిచింది.

మొదటి తట్ట కంకర పడింది. రెండోది, మూడోది. కుప్ప పెరుగుతోంది. ఎక్కడ ఆపాలో చిన్నల్లుడికి తెలియదు. ఇంకో తట్ట అందుకునే నెపంతో మేస్త్రి వైపు వంగాడు.

“అన్నయ్యా, కంకర ఎంతవరకు పోయాలి?”

గొంతు తగ్గించి అడిగాడు. అడిగిన తీరులో అధికారం లేదు, బెదిరింపు లేదు. చేతకానివాడు చేతనైనవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

ఆ కొలత మేస్త్రికి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కంకర కుప్ప కొసకూ అచ్చు పైఅంచుకూ మధ్య నాలుగు వేళ్ళు వదలాలి. ఆ నాలుగు వేళ్ళ మందమే గంప నెత్తి. చైను కొక్కెం తగిలించేది దానికే, గంప బరువంతా వేలాడేది దాని మీదే. మొట్టమొదటి గంపకు అతను రెండు వేళ్ళే వదిలాడు. మూడో రోజు కప్పీతో లేపితే తలెత్తు దాకా బాగానే లేచింది, తరవాత నెత్తి ఊడి కొక్కెంతో పైనే ఉండిపోయింది, మిగతా గంప కింద పడింది. అతని పాదం పక్కన జానెడు దూరంలో పడింది. ఆ ముక్కల్ని అతను ఎవరికీ చూపించకుండా పూడ్చిపెట్టాడు.

“రెండు వేళ్ళు వదిలితే చాలు,” అన్నాడు మేస్త్రి.

చిన్నల్లుడు కృతజ్ఞతగా తల ఊపి తట్ట అందుకున్నాడు.

అధికారిణి పెన్ను ఆపి తల ఎత్తింది. “ఏమన్నారు? ఎన్ని వేళ్ళు?”

అందరూ మేస్త్రి వైపు చూశారు. నాలుక జారిందమ్మా, నాలుగు అంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మామగారు అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, చెవి ఇటు పెట్టి వింటున్నారు.

“రెండండీ,” అన్నాడు మేస్త్రి, ఈసారి అందరికీ వినపడేలా. “రెండు వేళ్ళు.”

అధికారిణి రాసుకుంది.